మందిరంలో అందరూ క్షేమంగా ఉండాలంటే: డెల్టా సంఘాలకు మెట్టు మెట్టుగా

గోదావరి డెల్టా పల్లెల్లో క్రైస్తవ సంఘం ఆదివారం రెండు గంటల ఆరాధనతో అయిపోదు. పురిటికి, పెళ్లికి, సమాధికి, అప్పుకి, గొడవకి ముందుగా తట్టే తలుపు అదే. 1836లో నరసాపురం వైపు వచ్చిన బ్రదరెన్ మిషనరీల దగ్గర నుంచి రాజమండ్రి లూథరన్లు, కాకినాడ కెనడియన్ బాప్టిస్టులు, కథోలికులు, ఇప్పుడు పేటకొకటిగా వెలిసిన స్వతంత్ర సంఘాల దాకా బోర్డు మీద పేరు మారుతుంది గానీ లోపలి అల్లిక మారదు. అందరూ చుట్టాలే.

చుట్టరికం బలమే, చిక్కూ అదే. ఎవరి మీదైనా ఒక మాట చెప్పాలంటే ఆయన మేనమామో, వదినగారి అన్నో అవుతాడు. చెప్పిన ఇంటికి రేపు పెళ్లి సంబంధం కుదరాలన్నా, సమాధి స్థలం కావాలన్నా మళ్లీ ఆ మనుషుల దగ్గరికే వెళ్లాలి. అందుకని చాలామంది మింగేస్తారు. పిల్లలకు హాని చేసేవారు ఎక్కువగా ఆ పిల్లలకు బాగా తెలిసినవారే అయి ఉంటారన్నది పోలీసులకూ డాక్టర్లకూ తెలిసిన సంగతి. "మనవాళ్లే కదా" అన్న మాట మీద భద్రత కట్టకూడదు. మనవాళ్లను అనుమానించమని కాదు, ఎవరినీ అనుమానించాల్సిన అవసరం లేకుండా పనులు అమర్చుకోమని.

మొదటి మెట్టు: ఒక కాగితం, ఇద్దరు మనుషులు

పెద్ద నియమావళి అక్కర్లేదు. ఒక్క పేజీ చాలు. అందులో మూడు సంగతులు ఉండాలి: ఏ పనులు ఎవరూ ఒంటరిగా చేయకూడదు, ఫిర్యాదు ఎవరికి చెప్పాలి, చెప్పినవారి మీద ఎలాంటి చర్యా ఉండదు. కమిటీ తీర్మానం చేసి మినిట్స్ పుస్తకంలో రాయండి. సొసైటీగా రిజిస్టరైన సంఘమైతే సర్వసభ్య సమావేశంలో పెట్టండి. డయాసిస్, సినడ్, కన్వెన్షన్ లాంటి పై పాలక సంస్థల కింద ఉన్నవారు పైనుంచి ఇప్పటికే నియమాలు వచ్చాయేమో ముందు అడగండి. వచ్చి బీరువాలో పడి ఉండటం మామూలే.

ఫిర్యాదులు వినడానికి ఇద్దర్ని పెట్టండి. ఒకరు తప్పకుండా స్త్రీ కావాలి. ఇద్దరిలో ఎవరూ పాస్టరు గారి ఇంటివారు కాకూడదు, ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు కాకూడదు. వారి ఫోను నంబర్లు, వాటి కింద 1098 (పిల్లలకు), 181 (స్త్రీలకు), 112 (అత్యవసరానికి) పెద్ద అక్షరాలతో రాసి, చెప్పులు విడిచే చోట గోడకు అంటించండి. చదువు రాని పెద్దవారు ఉంటారు గనుక ఏడాదికి రెండుసార్లు ఆరాధన తర్వాత బయటికి చదవండి.

స్వతంత్ర సంఘాల్లో పాస్టరు గారి పైన ఎవరూ ఉండరు. ఇదే అన్నిటికన్నా పెద్ద కన్నం. పొరుగూరి సంఘం నుంచి ఇద్దరు పెద్దలను, మీ పాస్టరు గారికి చుట్టం కానివారిని, రాతపూర్వకంగా బయటి సభ్యులుగా పెట్టుకోండి. పాస్టరు గారి మీద ఫిర్యాదు వస్తే నేరుగా వారికే వెళ్లాలి. మంచి పాస్టరు గారు దీనికి అడ్డు చెప్పరు. అడ్డు చెబితే ఎందుకో నెమ్మదిగా ఆలోచించుకోండి.

రెండో మెట్టు: పిల్లలు

ఇక్కడ ఎంత సమయం పెట్టినా ఎక్కువ కాదు.

పిల్లలు ఉన్న ప్రతి చోటా కనీసం ఇద్దరు పెద్దలు. భార్యాభర్తలను, అన్నదమ్ములను ఒకరిగానే లెక్కపెట్టండి. 4 నుంచి 8 ఏళ్ల పిల్లలైతే ఆరుగురికి ఒకరు, 9 నుంచి 12 అయితే ఎనిమిదిమందికి ఒకరు, ఆ పైన 18 దాకా పదిమందికి ఒకరు. ఎంత తక్కువమంది పిల్లలున్నా ఇద్దరికి తగ్గకూడదు. టీచర్లు చాలకపోతే రెండు క్లాసులు కలిపి మందిరం అరుగు మీద కూర్చోబెట్టండి. గోల పెరుగుతుంది, పెరగనివ్వండి.

సండే స్కూలు చాలాచోట్ల పాస్టరు గారి ఇంటి వెనక గదిలో జరుగుతుంది. దాన్ని వరండాలోకి మార్చండి. గది తప్పనిసరైతే తలుపు తీసి, కిటికీ కర్టెను పక్కకు కట్టేసి, దారిన పోయేవారికి లోపల కనబడేలా ఉంచండి. మరుగుదొడ్డి మందిరం వెనక ఉంటుంది గనుక పిల్లల్ని ఒక్కరినే పంపకండి. ఇద్దరేసి వెళ్లాలి, తోడు వెళ్లిన అమ్మగారు తలుపు బయటే నిలబడాలి.

కొత్తగా వచ్చినవారికి వెంటనే పిల్లల్ని అప్పగించకండి. పాటలు బాగా పాడతాడు, గిటారు వాయిస్తాడు, ఈ ఆదివారమే యవ్వనస్తుల కూడిక చూసుకోమందాం అనిపిస్తుంది. కనీసం ఆరు నెలలు సంఘంలో కనబడాలి. అంతకుముందున్న సంఘం పెద్దకు ఫోను చేసి మూడే ప్రశ్నలు అడగండి: అక్కడ ఏ పని చేశారు? ఎందుకు మానేశారు? మళ్లీ పిల్లల పని ఇస్తారా? మూడోదానికి జవాబు నసుగుతూ వస్తే ఇవ్వకండి.

మే నెలలో వి.బి.ఎస్. (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిలు బడి) జరిగే రోజులు మరీ జాగ్రత్తగా చూడాలి. బయటి ఊళ్ల నుంచి టీములు వస్తాయి, ఇళ్లల్లో బస చేస్తారు. ఆడవారు, మగవారు వేరువేరుగా, మందిరంలోనో స్కూల్లోనో పడుకునే ఏర్పాటు చేయండి. తల్లి కువైట్లోనో మస్కట్‌లోనో ఉండి, అమ్మమ్మ దగ్గర ఆడపిల్ల పెరుగుతున్న ఇంట్లో అతిథుల్ని దింపకండి.

ఈ ఆఖరి మాట విడిగా చెప్పాలి. కోనసీమలో, నరసాపురం వైపు ఇంటిపనికి గల్ఫ్ వెళ్లిన తల్లుల పిల్లలు ప్రతి సంఘంలో ఉంటారు. చెడ్డ ఆలోచన ఉన్నవాడు అడిగేవారు లేని పిల్లనే ఎంచుకుంటాడు. ముందు బిస్కెట్లు, తర్వాత ఫోను రీఛార్జి, తర్వాత బండి మీద తిప్పడం, చివరికి "ఇది మన ఇద్దరి మధ్యే". ఈ వరుసను టీచర్లందరూ గుర్తుపట్టగలగాలి. ఒక్కో పిల్లను ఒక అమ్మగారు ఆరా తీసేలా మనసులో పంచుకోండి, స్టేజి మీద పేర్లు చదవకండి. ఆ అమ్మగారు నెలకోసారి తల్లితో ఫోనులో మాట్లాడితే చాలు, పిల్ల వెనక మనిషి ఉందని ఊరికి తెలుస్తుంది.

పిల్లలకు ఐదేళ్ల నుంచే మూడు మాటలు నేర్పండి: బట్టలు కప్పే చోట ఎవరూ ముట్టకూడదు, ముట్టుకుంటే అరిచి పరిగెత్తాలి, ఎవరు రహస్యం అన్నా ఇంట్లో చెప్పాలి. "పెద్దవారికి లోబడాలి" అన్న పాఠం చెప్పిన రోజే ఇదీ చెప్పండి. లేకపోతే మొదటి పాఠం రెండోదాన్ని మింగేస్తుంది.

ఈ నియమాలు మొదటి నెల బాగా నడిచి మూడో నెలకి చచ్చిపోతాయి. కారణం ఒకటే, రెండో టీచరు రాలేదు, "ఈ ఒక్కవారం" అనుకున్నారు. డ్యూటీ కాగితంలో ప్రతి వారానికీ మూడో పేరు రాసిపెట్టండి. ఆ మూడో మనిషీ రాకపోతే ఆ వారం క్లాసు వద్దు, పిల్లలు పెద్దవారితోపాటే ఆరాధనలో కూర్చుంటారు.

మూడో మెట్టు: పరామర్శలు, ప్రార్థనలు

ఇంట్లో స్త్రీ ఒంటరిగా ఉంటే పాస్టరు గారు అరుగు మీదే కూర్చుని మాట్లాడి రావాలి. లేదా పాస్టరమ్మ గారితోనో, సంఘ పెద్ద ఒకరి భార్యతోనో వెళ్లాలి. చేతులుంచి ప్రార్థించేముందు అడగాలి, తల మీద తప్ప ముట్టుకోకూడదు. దయ్యం వదిలిస్తామని తలుపు మూసి చేసే "విడుదల ప్రార్థన" ఎవరికీ చేయకండి, అడిగినా చేయకండి. మనసు విప్పి మాట్లాడాలని వచ్చినవారికి ఒకసారికి 45 నిమిషాలు, మొత్తం మీద మూడుసార్లు చాలు. అప్పటికీ తేరుకోకపోతే డాక్టరు దగ్గరికి పంపాలి. మనసు బాగోలేనివారికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మూర్ఛకో, షుగరుకో, మనోవ్యాధికో వాడుతున్న మందులు మానమని వేదిక మీద నుంచి చెప్పే హక్కు ఎవరికీ లేదు.

మొగుడు కొడుతున్నాడని ఒక సిస్టర్ వచ్చి చెబితే సంఘాలు ఎక్కువగా చేసే పని ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, క్షమించుకోమని చేతులు కలపడం. దీనివల్ల ఆమె అతని ముందే నిజం చెప్పాల్సి వస్తుంది, ఇంటికి వెళ్లాక ఆ నిజానికి దెబ్బలు తింటుంది. దెబ్బలున్న చోట ఇద్దరినీ కలిపి కౌన్సెలింగ్ చేయకండి. ఆమెతో విడిగా, ఒక స్త్రీ సమక్షంలో మాట్లాడండి. రాత్రికి ఎక్కడ ఉంటుందో, పిల్లలెక్కడ ఉంటారో ముందు తేల్చండి. 2005 గృహహింస చట్టం కింద ఆ ఇంట్లోనే ఉండే హక్కు ఆమెకు కోర్టు ద్వారా వస్తుంది. ఆ చట్టం కింద సాయపడే రక్షణాధికారి దగ్గరికి, దెబ్బలు తిన్న స్త్రీలకు అన్ని సాయాలూ ఒకేచోట అందించే జిల్లాలోని సఖి వన్ స్టాప్ సెంటరుకు దారి 181 చూపిస్తుంది. ఆమె వెళ్లాలనుకుంటే తోడు వెళ్లండి, వద్దంటే బలవంతం చేయకండి, తలుపు మాత్రం మూయకండి.

ఒక పక్క మాట. పాస్టరమ్మ గారిని సంఘం జీతం లేని ఉద్యోగిగా చూస్తుంది: టీలు, వంటలు, సండే స్కూలు, స్త్రీల కూడిక, రాత్రి పదింటికి వచ్చే ఫోన్లు. అలిసిన ఇంట్లోంచి మంచి కాపుదల రాదు. వారానికి ఒక పూర్తి రోజు వారింటి తలుపు తట్టకూడదని కమిటీ తీర్మానం చేస్తే ఆ నియమం అందరికీ మేలు.

నాలుగో మెట్టు: నీళ్లు, రాత్రులు

కాలువలో బాప్తిస్మం ఇచ్చే సంఘాలు వేసవిలో కాలువలు కట్టేసే రోజుల్ని ముందే తెలుసుకోవాలి. నీళ్లు వదిలిన కొత్తలో ఒడ్డు ఎక్కడ జారుతుందో తెలీదు, ముందురోజు ఒకరు దిగి నడుము లోతు చూసి రెండు కర్రలు పాతండి. వరద రోజుల్లో గోదావరిలో దిగకండి. స్త్రీలకు ముదురు రంగు మందపాటి బట్టలు, దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ పట్టుకోవడానికి ఇద్దరు స్త్రీలు, బట్టలు మార్చుకోవడానికి నాలుగు వైపులా దుప్పట్లు కట్టిన చోటు ఉండాలి. తడి బట్టల్లో ఫొటోలు, వీడియోలు వద్దు. సంఘం ఫొటో కావాలంటే అందరూ బట్టలు మార్చుకున్నాక తీసుకోవచ్చు.

డిసెంబరు క్యారల్స్‌కి వెళ్లే పిల్లల పేర్లు కాగితం మీద రాయండి. ఇద్దరు అమ్మగార్లు తప్పక ఉండాలి. రాత్రి తొమ్మిదిన్నరకు ముగించి, ఆడపిల్లల్ని వీధి మొదట కాదు, ఇంటి గుమ్మం దగ్గర దింపాలి. టాటా ఏస్‌లో ఇరవైమందిని కుక్కి కాలువ గట్టు మీద తోలడం భక్తి కాదు. ఆల్ నైట్ ప్రేయర్లకూ ఇదే లెక్క.

జూలై, ఆగస్టు వరదల్లో లంక గ్రామాలవారు మందిరాల్లో తలదాచుకుంటారు. స్త్రీలు, పిల్లలు పడుకునే భాగం గోడ వైపు, మగవారు గుమ్మం వైపు. మరుగుదొడ్డికి గడియ, దారిలో రాత్రంతా దీపం, కరెంటు పోతుంది గనుక బ్యాటరీ లైటు. ఇద్దరు స్త్రీలు వంతులవారీగా మేలుకోవాలి. అన్నం పాకెట్లు పంచేటప్పుడు సంఘస్తులా కాదా అని చూడకండి.

ఐదో మెట్టు: నోరు, ఫోను

సంఘాలను తగలబెట్టేది చాలావరకు ప్రార్థన మనవులే. "ఫలానా సిస్టర్ కోసం భారంగా ప్రార్థన చేద్దాం, ఎందుకంటే..." అన్నప్పుడు ఆ "ఎందుకంటే" దగ్గరే తప్పు మొదలవుతుంది. ఎవరి మనవైనా వారి అనుమతితోనే చెప్పాలి. అనుమతి లేకపోతే "ఒక కుటుంబం కోసం" అంటే చాలు, దేవుడికి అడ్రసు తెలుసు. వాట్సాప్ గ్రూపులో రోగాల పేర్లు, పిల్లల ఫొటోలు పెట్టకూడదు. పెద్దవారెవరూ 18 ఏళ్లలోపు పిల్లలతో విడిగా చాటింగ్ చేయకూడదు. మాట్లాడాలంటే గ్రూపులో, లేదా తల్లిదండ్రుల నంబరుకు.

ఆరో మెట్టు: డబ్బు

కానుకల పెట్టె ఇద్దరు, చుట్టరికం లేనివారు, అందరూ చూసే చోట లెక్కపెట్టాలి. అంకె పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. సోమవారం బ్యాంకులో వేయాలి. ఇంటింటా రోజూ పిడికెడు తీసి కానుకగా తెచ్చే బియ్యం అమ్మిన డబ్బుకీ ఇదే పద్ధతి. నెలాఖరున అంకెలు గోడ మీద. ఇది దొంగల కోసం పెట్టిన నియమం కాదు, లెక్క చూసే మనిషి మీద రేపు ఎవరూ వేలు చూపించకుండా పెట్టినది.

చీటీలు మందిరం గుమ్మం లోపలికి రానివ్వకండి. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేని చీటీ నడపడం నేరం. ఆ సంగతి అలా ఉంచినా, చీటీ మునిగితే సంఘం రెండుగా చీలుతుంది, మళ్లీ కలవదు. సంఘస్తుల మధ్య అప్పయితే నోటు రాసుకోండి. "బ్రదర్ కదా, కాగితమెందుకు" అన్న అప్పే తగాదా అవుతుంది.

గల్ఫ్ పంపిస్తానని వచ్చే విశ్వాసి ఏజెంట్లతో మరీ జాగ్రత్త. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరైన ఏజెంట్లే పంపాలి, వారి పేరు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చు. విజిట్ వీసా మీద పనికి వెళ్లమన్నా, పాస్‌పోర్టు ముందే తీసేసుకున్నా వెళ్లొద్దని చెప్పండి. అతన్ని వేదిక మీదికి పిలిచి సాక్ష్యం చెప్పించడమంటే సంఘం పూచీ పడినట్టే.

ఏడో మెట్టు: తగాదాలు

రొయ్యల చెరువు ఉప్పునీరు పక్క వరి చేలోకి ఊరింది, ఇద్దరూ ఒకే సంఘం. ఇలాంటివాటికి మత్తయి 18వ అధ్యాయం చెప్పే వరుస బాగా పనిచేస్తుంది: ముందు ఇద్దరే మాట్లాడుకోవడం, తర్వాత ఒకరిద్దరు సాక్షులతో, ఆ తర్వాత సంఘం ముందు. ఒక్కో మెట్టుకు రెండువారాలు గడువు పెట్టండి. మధ్యవర్తులు ఇద్దరిలో ఎవరికీ చుట్టం కాకూడదు, ఊళ్లో దొరక్కపోతే పొరుగు సంఘం నుంచి పిలవండి. తేలిన మాట రాసి సంతకాలు తీసుకోండి.

ఈ వరుస సమానుల మధ్య తగాదాలకే. పిల్లకు హాని జరిగినప్పుడు, దెబ్బలు, బెదిరింపులు ఉన్నప్పుడు, అవతలివాడు పాస్టరో పెద్దో అయినప్పుడు "ముందు నువ్వు ఒంటరిగా వెళ్లి మాట్లాడు" అనడం ఆ వచనాన్ని ఆయుధంగా వాడటమే.

ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆరాధన) నుంచి ఆపడం కూడా అలాంటిదే. ఎదురు ప్రశ్న అడిగారని, లెక్క చూపమన్నారని ఎవరినీ ఆపకండి. ఆపాల్సి వస్తే కారణం, గడువు రాసి చేతికివ్వాలి, బయటి సభ్యులు ఒప్పుకోవాలి.

కులం సంగతి దాటేయకూడదు. ప్రేమవిందులో ఎవరు వండుతున్నారు, ఎవరు వడ్డిస్తున్నారు, కమిటీలో ఏ పేటవాళ్లు ఎన్నేళ్లుగా ఉన్నారు, పెళ్లి ప్రకటన వచ్చినప్పుడు ఎవరి ముఖాలు మాడుతున్నాయి, ఈ నాలుగూ చూస్తే సంఘం ఆరోగ్యం తెలిసిపోతుంది. వంట, వడ్డన, కమిటీ పదవులు వంతులవారీగా తిప్పడం మొదలుపెట్టండి. ప్రసంగం కన్నా అది ఎక్కువ పని చేస్తుంది.

ఎనిమిదో మెట్టు: ఫిర్యాదు వచ్చిన రోజు

పిల్ల నోటి వెంట ఏదైనా వచ్చినప్పుడు కూర్చుని వినండి. "నిజమేనా?", "ఎందుకు వెళ్లావు?", "ఫలానా ఆయనేనా?" అనకండి. "తర్వాత ఏం జరిగింది?" వరకే. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి, చెప్పాల్సి వస్తుంది. "నువ్వు చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పు లేదు" అనండి. ఆ రోజే, పిల్ల అన్న మాటలు అన్నట్టుగానే, తేదీ, వేళతో రాయండి. మళ్లీ మళ్లీ చెప్పించకండి. సంఘ పెద్దలందరి ముందు నిలబెట్టి అడగడం ఆ పిల్లకు రెండోసారి చేసే హాని, కేసుకూ చేటు.

ఆ తర్వాత ఆలోచన అక్కర్లేదు, చట్టం ఆలోచించేసింది. 2012 పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థ నడిపేవారు తమ కింద పనిచేసేవారి నేరాన్ని దాస్తే ఏడాది దాకా జైలు, జరిమానా. మంచి ఉద్దేశంతో చెప్పినవారిపై కేసు ఉండదు. మత సంస్థలో పనిచేసేవారు అక్కడి పిల్లలపై చేస్తే దాన్ని మరింత తీవ్రమైన నేరంగా చూస్తారు. 1098కి గానీ, దగ్గరి స్టేషనుకు గానీ చెప్పండి. వేరే స్టేషను పరిధి అన్నా జీరో ఎఫ్.ఐ.ఆర్. రాసుకోవాలి. పిల్ల వాంగ్మూలం ఇంటి దగ్గరో, పిల్ల కోరిన చోటో, వీలైనంతవరకు మహిళా ఎస్.ఐ., యూనిఫాం లేకుండా తీసుకోవాలి. ఇవి అడిగి తీసుకోండి. జరిగి ఎక్కువసేపు కాకపోతే స్నానం చేయించకండి, బట్టలు ఉతక్కండి, వాటిని కాగితం కవరులో పెట్టి పిల్లతోపాటు ఆస్పత్రికి తీసుకెళ్లండి. ప్రైవేటు ఆస్పత్రి అయినా ప్రథమ చికిత్స ఉచితంగా చేయాలి.

ఇక్కడ సంఘాలు తప్పే చోట్లు తెలిసినవే: ముందు నిందితుడిని పిలిచి అడగడం (అతను జాగ్రత్తపడతాడు), ఊళ్లో రాజీకి కూర్చోవడం, డబ్బు ఇప్పించడం, పిల్లనిచ్చి పెళ్లి చేసేద్దామనడం. వీటిలో ఏదీ కేసును ఆపదు, చేసినవారు కేసులో ఇరుక్కుంటారు. పిల్ల పేరు, ఇల్లు తెలిసేలా వేదిక మీద గానీ గ్రూపులో గానీ ఏమీ అనకూడదు. నిందితుడిని ఆ రోజు నుంచే అన్ని పనుల నుంచి పక్కన పెట్టండి. అది తీర్పు కాదు, తేలేదాకా జాగ్రత్త. అతని కుటుంబాన్ని పరామర్శించేవారు ఒకరు, పిల్ల కుటుంబాన్ని చూసుకునేవారు వేరొకరు ఉండాలి.

బాధితురాలు 18 దాటిన స్త్రీ అయితే పద్ధతి వేరు. పోలీసుల దగ్గరికి వెళ్లాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. దారులు చెప్పడం, తోడుండటం మీ పని. సంఘం నడిపే స్కూలు, ఆస్పత్రి, హాస్టలులో పదిమంది లేదా అంతకుమించి పనిచేస్తుంటే పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపులను ఆపడానికి వచ్చిన 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి: అధ్యక్షురాలు స్త్రీ, సగానికి తగ్గకుండా స్త్రీలు, బయటి నుంచి ఒకరు. ఫిర్యాదు మూడు నెలల లోపు. పదిమంది లేని చోట జిల్లా స్థానిక కమిటీ వింటుంది.

ఇక ఆ మనిషి సంఘం మారిపోతాడు. "ఇక్కడ్నుంచి వెళ్లిపోతే చాలు" అని మంచి ఉత్తరం ఇచ్చి పంపడం డెల్టాలో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఉన్న అలవాటు. రాజోలులో తీసేసిన బోధకుడు తణుకులో సండే స్కూలు చూస్తుంటాడు. ఉత్తరం ఇవ్వాల్సి వస్తే రెండు వాక్యాలు చాలు: ఇక్కడ ఫలానా కాలం సేవ చేశారు, పిల్లలతోనూ స్త్రీలతోనూ పని అప్పగించవద్దని మా సలహా. పొరుగు సంఘం పెద్ద ఫోను చేసి అడిగితే, అడిగిన మూడు ప్రశ్నలకూ నసగకుండా జవాబు చెప్పండి.